పిల్లికూతల బడి

ఫిబ్రవరి సాయంత్రం. గుంటూరు దాటి ఆటో ఊరి దారి పట్టగానే ముందు కళ్లు మండుతాయి, ఆ తర్వాత తుమ్ములు. రోడ్డుకు రెండువైపులా కళ్లాల్లో తేజ రకం మిరపకాయలు ఎండుతున్నాయి. ముక్కుకు తువ్వాళ్లు బిగించుకున్న ఆడవాళ్లు వంగి తాలుకాయలు ఏరుతున్నారు. ఉబ్బసం లేని మీకే గొంతులో గరగర మొదలైంది. ఉన్నవాళ్లకు పెట్టే తరగతి చూడటానికే మీరు వచ్చారు.

అంగన్‌వాడీ గదిలో చాప మీద చోటిస్తారు. కళ్లాల పని ముగించుకుని ఒక్కొక్కరే వస్తున్నారు. ఒళ్లో పిల్లలు, చేతిలో ప్లాస్టిక్ సంచులు. ఇంట్లో ఉన్న మందులన్నీ పట్టుకు రమ్మని ఆశా కార్యకర్త నిన్న ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఈ తరగతికి ప్రాణం ఆ సంచుల్లోనే ఉంది.

తరగతి నడిపే నర్సమ్మ ఉపన్యాసం ఎత్తుకోదు. తలా ఒక సన్నటి స్ట్రా పంచుతుంది. "ఆయాసం ఉన్నవాళ్లు, గుండెజబ్బు వాళ్లు వద్దు. మిగతావాళ్లు ముక్కు మూసుకుని దీంతోనే గాలి పీల్చండి, దీంతోనే వదలండి." మీకూ ఒకటి అందింది. మొదట్లో సరదాగానే ఉంటుంది. కాసేపటికి ఛాతీ బిగుస్తుంది. పీల్చింది పూర్తిగా బయటికి పోకముందే మళ్లీ పీల్చాలనిపిస్తుంది. "ఇప్పుడు లేచి నాలుగడుగులు వేయండి" అంటుందామె. మీరు వేయలేక స్ట్రా తీసేశారు. పక్కనున్న ఓ తండ్రీ తీసేశాడు. బడి ఎగ్గొట్టడానికి నాటకాలాడుతున్నావని పొద్దున్నే కొడుకును కోప్పడ్డాడట. ఆ మాట అతను చెప్పలేదు, భార్య అందరి ముందూ చెప్పేసింది.

"మీకు నిమిషం. వాడికి రాత్రంతా" అని ఊరుకుంది నర్సమ్మ. అప్పుడు మొదలైంది పాఠం. ఊపిరి గొట్టాల లోపలి పొర వాస్తుంది, చుట్టూ కండరం బిగుసుకుంటుంది, జిగురు పేరుకుంటుంది. మిగిలిన ఇరుకు సందులోంచి గాలి పోతుంటే వచ్చేదే పిల్లికూత. మందులూ అందుకే రెండు రకాలు. ఒకటి బిగుసుకున్న కండరాన్ని నిమిషాల్లో వదిలిస్తుంది. రెండోది వాపు తగ్గించేది, అందులో పీల్చే స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు రోజూ అని రాస్తే ఆయాసం లేని రోజు కూడా వాడాల్సిందే. వెంటనే హాయి తెలియదు కనుక జనం మానేసేది ఈ రెండోదాన్నే. మొదటిదాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవడం ప్రమాదమని గినా అనే అంతర్జాతీయ ఆస్తమా సంస్థ 2019లో తన మార్గదర్శకాల్లో తేల్చి చెప్పింది. మన పల్లెల సంచుల్లో ఇప్పటికీ కనిపించేది ఎక్కువగా ఆ మొదటిదే.

ఇక సంచులు విప్పిస్తుంది. "తాతా, నువ్వెలా వాడుతున్నావో చూపించు." ఆయన గుళిక తీసి, నోట్లో వేసుకుని, గ్లాసు నీళ్ల కోసం చేయి చాచాడు. గదంతా నవ్వు. నర్సమ్మ నవ్వలేదు. అది మింగే గుళిక కాదు. గొట్టంలో పెట్టి, తిప్పి, ఒక్కసారిగా గట్టిగా పీల్చాల్సిన పొడి. నెలల తరబడి ఆ మందంతా తాతగారి పొట్టలోకే పోయింది. "చీటీ రాసిచ్చారు గానీ ఎవరూ చూపించలేదమ్మాయ్" అన్నాడాయన. ఆ మాటలో అబద్ధం లేదు. చదువుకున్నవాళ్లూ ఈ పొరపాటు చేస్తారు కాబట్టి, నేనైతే దీన్ని రోగి తెలివితక్కువతనం కింద కట్టను.

ఇక నొక్కి పీల్చే పంపు, అంటే ఇన్‌హేలర్ వంతు వచ్చింది. ఊపాలి, ఊపిరి బాగా వదలాలి, పంపు మూతి చుట్టూ పెదవులు బిగించి నొక్కుతూనే నెమ్మదిగా లోతుగా పీల్చాలి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. పొడి గొట్టానికి వేగం కావాలి, పంపుకు నిదానం కావాలి. ఈ రెండూ తారుమారైతే మందు నాలుక మీదే మిగిలిపోతుంది. ఒక్కొక్కరితో చేయిస్తుంది, తప్పితే మళ్లీ చేయిస్తుంది. స్టెరాయిడ్ పంపు అయితే చివర నీళ్లు పుక్కిలించి ఉమ్మించి మరీ వదులుతుంది. విసుగు పుట్టించే పనే. తరగతి అంటే ఇదే. గోడకు అంటించిన పోస్టరు చూసి ఎవరికీ పంపు పట్టుకోవడం రాలేదు.

"పంపు ఘాటు మందంటగా, బిళ్లే మేలు కదూ?" ఒక మామ్మ అడిగింది. నర్సమ్మ పలక తీసుకుంది. కండరం వదిలించే సాల్బుటమాల్ బిళ్ల 4 మిల్లీగ్రాములు. పంపు ఒక్క నొక్కుకు వచ్చేది 100 మైక్రోగ్రాములు. అంటే ఒక్క బిళ్ల నలభై నొక్కులకు సమానం. బిళ్ల ఒళ్లంతా తిరిగి చేతులు వణికిస్తుంది, పంపు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మామ్మ పలక వంక చాలాసేపు చూసింది.

వెనక వరసలో ఒక తల్లి మాత్రం సంచి విప్పలేదు. చివరికి చిన్నగా అంది: "ఆడపిల్లండీ. పంపు వాడుతోందని తెలిస్తే సంబంధాలు రావు." దీనికి పలక మీద లెక్క లేదు. ఆశా కార్యకర్త లేచి రైక చాటున పెట్టుకున్న పంపు తీసి చూపించింది. "పిన్నీ, నాకు పెళ్లై ఇద్దరు పిల్లలు." తల్లి సంచి ముడి కాస్త వదులైంది. ఊరి మనిషి చెప్పిన మాటకున్న విలువ బయటినుంచి వచ్చిన ఏ నిపుణుడికీ దొరకదు.

చేప మందు ప్రస్తావన రాకుండా ఉంటుందా? మృగశిర కార్తెకు హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి వెళ్లి కొరమీను పిల్లను మింగొస్తానన్నాడొక బాబాయ్. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. నర్సమ్మ ఆ మాట చెప్పి, "వెళ్తే మాత్రం పంపు జేబులో పెట్టుకుని వెళ్లు, తిరిగొచ్చాక మానొద్దు" అంది. కసిరితే ఆయన మళ్లీ ఈ గదికి రాడు. నా లెక్కలో ఆమె చేసిందే సరైన పని.

చిన్నపిల్లలకు పంపు నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరదు. పంపుకు తగిలించే స్పేసర్ అనే గొట్టం కొనలేని ఇంటికి ఖాళీ అరలీటరు నీళ్ల సీసా ఉంది. కాల్చిన తీగతో అడుగున పంపు మూతి పట్టేంత రంధ్రం చేసి, సందుల్లేకుండా టేపు చుట్టి, సీసా మూతి పిల్లవాడి నోటికిచ్చింది నర్సమ్మ. ఒక్క నొక్కు, మామూలుగా ఐదారు ఊపిరులు. ఇది నాటు ఉపాయం అనుకోకండి. కేప్‌టౌన్‌లో హెదర్ జార్ బృందం పిల్లల మీద పరీక్షించి, ఇలాంటి సీసా కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేస్తుందని 1999లో లాన్సెట్‌లో ప్రచురించింది. పొద్దున తిట్లు తిన్న కుర్రాడే ముందుగా సీసా అందుకున్నాడు.

చీకటి పడుతోంది. లేవబోతున్నవాళ్లను ఆపి ఆఖరి సంగతి వల్లె వేయిస్తుంది: డొక్కలు ఎగరేస్తున్నా, ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోతున్నా, పెదవులు నీలమైనా, పంపు కొట్టినా తగ్గకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు కూర్చోబెట్టి కండరం వదిలించే పంపు కొడుతూనే ఉండండి.

మీ ఇంట్లో పంపు వాడేవాళ్లుంటే, ఈసారి డాక్టరు దగ్గరకు చీటీ ఒక్కటే పట్టుకెళ్లకండి. పంపూ తీసుకెళ్లి, ఆయన ఎదుటే వాడి చూపించి, సరిగ్గా ఉందా అని అడగండి. చూడకుండానే కొత్త మందు రాయబోతే, మరోసారి అడగండి.