గిన్నెడు పప్పుకు పెద్దరికం

తెలుగు బైబిలు వింటూ పెరిగినవాళ్లకి ఏశావు పేరు చెప్పగానే చిక్కుడుకాయల వంటకం గుర్తొస్తుంది. పాత అనువాదంలో ఉన్నది అదే మరి. హీబ్రూ మూలంలో ఉన్న మాట ‘అదాషీమ్’. మన కిరాణా కొట్లలో మైసూర్ పప్పు అని అమ్ముతారే, ఆ జాతి పప్పు. పొలం నుంచి అలసి వచ్చిన అన్నకి వంట పేరు కూడా నోటికి రాలేదు, ఎర్రగా ఉన్న అదేదో పెట్టమని అడిగాడు. తమ్ముడు యాకోబు గరిట పక్కన పెట్టి బేరం మొదలెట్టాడు. ముందు నీ జ్యేష్ఠత్వం నాకు అమ్ము, అమ్మినట్టు ఒట్టు వెయ్యి, తర్వాతే భోజనం. ఏశావు ఒట్టేశాడు, తిన్నాడు, తాగాడు, లేచి వెళ్లిపోయాడు.

ఇంతకీ ఆ జ్యేష్ఠత్వం విలువెంత?

ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం లెక్క చెబుతుంది. పెద్దకొడుక్కి రెండు వాటాలు. ఇద్దరే కొడుకులైతే ఆస్తి మూడు భాగాలవుతుంది, రెండు పెద్దవాడివి, ఒకటి చిన్నవాడిది. ఏశావు, యాకోబు కవలలు. అన్న మడమ పట్టుకునే తమ్ముడు బయటికొచ్చాడని కథ. అంటే క్షణాల తేడాతో ఒకడికి రెండు వాటాలు, ఒకడికి ఒకటి. యాకోబు చేసింది తప్పే అనుకున్నా, అతని కడుపుమంట ఎక్కడిదో అర్థం కావడానికి ఈ లెక్క చాలు.

ఆ కాలంలో అన్ని ఊళ్లలోనూ ఇదే పద్ధతి ఉండేదనుకోకూడదు. 1901-02 చలికాలంలో ఫ్రెంచివారు ఇరాన్‌లోని సుసాలో తవ్వి తీసిన బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనం (ఇప్పుడది పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది) పెద్దకొడుక్కని ప్రత్యేకంగా వాటా చెప్పదు. తండ్రి బతికుండగా ముద్దుల కొడుక్కి పొలమో తోటో ఇల్లో రాసిస్తే అది వాడిదే, మిగిలింది అందరూ సమంగా పంచుకోవాలి. తర్వాతి కాలపు అస్సిరియా చట్టం మాత్రం పెద్దవాడికి రెండు పాళ్లు ఇచ్చింది. ఒకచోట జన్మ, ఒకచోట తండ్రి మనసు. ఏశావు తండ్రి ఇస్సాకు ఇంటి తగువంతా ఈ రెంటి మధ్య నలిగిందే. తండ్రికి వేటమాంసం తెచ్చే ఏశావు ఇష్టం, తల్లి రిబ్కాకి గుడారాల దగ్గరుండే యాకోబు ఇష్టం.

అన్నదమ్ములు వాటాలు అమ్ముకోవడం కథల్లోనే కాదు, కాగితాల్లోనూ, అంటే మట్టి పలకల్లోనూ ఉంది. ఇరాక్‌లో కిర్కుక్ దగ్గరి నూజీలో 1925 నుంచి 1931 వరకు జరిగిన తవ్వకాల్లో వేల పలకలు బయటపడ్డాయి. క్రీస్తుపూర్వం 15, 14 శతాబ్దాల కుటుంబ వ్యవహారాలు అవన్నీ. వాటిలో ఒకదాని ప్రకారం తుప్‌కితిల్లా అనే అతను వారసత్వంగా తనకు రావలసిన తోటను సోదరుడు కుర్పజాకు వదులుకున్నాడు. బదులుగా పుచ్చుకున్నది మూడు గొర్రెలు. ఇంకో పలకలో ఒక కోర్టు తగాదా. మంచాన పడ్డ తండ్రి చిన్నకొడుకు చెయ్యి పట్టుకుని, ఫలానా అమ్మాయి నీ భార్య అని నోటిమాటగా చెప్పాడు. అన్నలు అడ్డం తిరిగారు. న్యాయమూర్తులు తండ్రి మాటే చెల్లుతుందని తేల్చారు.

ఈ పలకలు చదివిన అమెరికన్ పండితుడు సైరస్ గోర్డన్ వంటివారు, ఏశావు కథ చెప్పే ఆదికాండం ఆ కాలపు ఆచారాన్ని ఉన్నదున్నట్టు దాచి ఉంచిందని సంబరపడ్డారు. 1974లో థామస్ థాంప్సన్, 1975లో జాన్ వాన్ సీటర్స్ పుస్తకాలు ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లాయి. నూజీ అతను అమ్ముకున్నది ఒక తోట వాటా, పెద్దరికం కాదు. ఆ అభ్యంతరం సబబే. అయినా అవసరంలో ఉన్న తోబుట్టువు దగ్గర ఆస్తి చవగ్గా కొట్టేయడం ఆ నేల మీద జరగని పని కాదని మూడు గొర్రెల పలక చూస్తే తెలుస్తూనే ఉంది.

పప్పు బేరంలో కనీసం ఏశావు నోటితో ఒప్పుకున్నాడు. ఆ తర్వాతది పచ్చి మోసం. చూపు పోయిన ఇస్సాకు, వేటమాంసం వండి తెస్తే దీవిస్తానని పెద్దవాడిని పంపాడు. రిబ్కా ఆ మాట విని మేకపిల్లల్ని కోయించి వండింది, ఒళ్లంతా వెంట్రుకలుండే అన్నలా తోచేందుకు వాటి తోళ్లు చిన్నవాడి చేతులకీ మెడకీ చుట్టింది. ముసలాయన తడిమి చూశాడు, గొంతు విని అనుమానపడ్డాడు, చివరికి దీవించాడు. హీబ్రూలో జ్యేష్ఠత్వం ‘బెఖోరా’, దీవెన ‘బెరాఖా’. అక్షరాలు అటూ ఇటూ మారాయంతే. మొదటిది పోయింది, ఇప్పుడు రెండోదీ పోయిందని ఏశావు ఏడ్చిన ఏడుపును కథకుడు చిన్నదిగా చూపలేదు.

ఇక్కడే భక్తులైన వ్యాఖ్యాతలకు చిక్కొచ్చిపడింది. ఒక జాతికి మూలపురుషుడు కన్నతండ్రికి అబద్ధం చెప్పాడంటే ఎలా? 11వ శతాబ్దపు ఫ్రాన్సులో యూదు పండితుడు రాషీ, నేను నీ పెద్దకొడుకు ఏశావునన్న వాక్యాన్ని రెండుగా విరిచాడు: తెచ్చింది నేను, పెద్దకొడుకు ఏశావు. అంతకు ఆరు శతాబ్దాల ముందే క్రైస్తవ గురువు అగస్టీన్ ఇది అబద్ధం కాదు, మర్మం అన్నాడు. తెలివైన మాటలే, కానీ వకీలు మాటలు. పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడని కాన్పుకు ముందే దేవుడు రిబ్కాకి చెప్పాడు కాబట్టి తప్పులేదనేవాళ్లూ ఉన్నారు. దేవుడే మాటిచ్చాక మేకతోళ్లెందుకు?

ఆదికాండం మాత్రం యాకోబుకి ఏ వకాల్తా పుచ్చుకోలేదు. వడ్డీతో సహా వసూలు చేసింది. అన్న చంపుతాడని భయపడి యాకోబు హారానులోని మేనమామ లాబాను పంచన చేరాడు. లాబాను చిన్నకూతురు రాహేలు కోసం ఏడేళ్లు కొలువు చేస్తే, పెళ్లిరాత్రి చీకట్లో అక్క లేయాను పంపారు. ఇదేం పనని నిలదీస్తే, పెద్దదుండగా చిన్నదాన్ని ఇవ్వడం మా ఊరి ఆచారం కాదన్నాడు మామ. పెద్దరికాన్ని అడ్డదారిన కొట్టేసినవాడికి పెద్దరికం పేరుతోనే దెబ్బ. ముసలితనంలో సొంత కొడుకులు మేకరక్తంలో ముంచిన తమ్ముడు యోసేపు అంగీ చూపించి, యోసేపు చచ్చిపోయాడని అతన్ని నమ్మించారు. ఆ మేక ఎక్కణ్ణుంచి వచ్చిందో కథకుడికి తెలుసు. ఇక రిబ్కా, కొన్నాళ్లకి పిలిపిస్తానని పంపిన కొడుకును మళ్లీ చూసినట్టు ఎక్కడా లేదు.

ఇరవై ఏళ్ల తర్వాత యాకోబు తిరుగుదారి పట్టాడు. అన్న నాలుగు వందలమందితో ఎదురొస్తున్నాడని కబురు. మేకలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు కలిపి 550 తలలు, పాలిచ్చే ఒంటెల పిల్లలు అదనం, మందలు మందలుగా ముందు పంపాడు. మూడు వాటాల్లో రెండు కావాలన్నవాడు అన్న ముందు ఏడుసార్లు నేలకు వంగాడు. ఏశావు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుని ముద్దుపెట్టుకున్నాడు, నాకు చాలినంత ఉంది తమ్ముడూ, నీది నువ్వే ఉంచుకోమన్నాడు. కథ మొత్తంలో పెద్దకొడుకులా నడుచుకున్నది ఈ ఒక్కచోటే, అదీ పెద్దరికం అమ్ముకున్నవాడే.

ఆ ముద్దు నిజమైనదేనా అని యూదు గురువులైన రబ్బీలు శతాబ్దాలు వాదించుకున్నారు. కొరకబోయాడని కొందరు, ఆ క్షణాన మనసారా పెట్టుకున్నాడని ఇంకొందరు. వాదనకు ఆధారం, ముద్దుపెట్టుకున్నాడనే హీబ్రూ మాట మీద ప్రాచీన లేఖకులు పెట్టిన చుక్కలు. ఎందుకు పెట్టారో వాళ్లు రాసిపెట్టలేదు. ఈనాటికీ తోరా చుట్ట చేత్తో రాసేవాళ్లు ఆ మాటలోని ఆరు అక్షరాల మీదా ఆరు చుక్కలు పెడుతూనే ఉన్నారు.