ఇసుకలో ఓనమాలు, ఆకాశంలో పాఠాలు

చదువు చెప్పడంలో కొత్త సాధనాలు అనగానే మనకు కంప్యూటరు, సెల్‌ఫోను, తెరమీద పాఠం జ్ఞాపకం వస్తాయి. ఇవన్నీ నిన్న మొన్న వచ్చినవనీ, అంతకుముందు మన బళ్ళలో బెత్తమూ బట్టీయమూ తప్ప మరేమీ లేవనీ చాలామంది అభిప్రాయం. చరిత్ర చూస్తే ఈ అభిప్రాయం నిలవదు. ఏ కాలానికి ఆ కాలంలో బడి ఏదో ఒక కొత్త సాధనాన్ని చేతికి తీసుకొంటూనే వచ్చినది. అందులోనూ రెండు భాషలు కలిసి కాపురముండే సీమలలో, అనగా మనబోటివారు తరతరాలుగా స్థిరపడిన చోట్ల, ఆ సాధనాలు ఎట్లా పనిచేసినవో తెలుసుకొనడం కేవలం కాలక్షేపం కాదు. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు; తెలుగు చదవలేకపోతున్నారు. పెండ్లి శుభలేఖ చేతికిస్తే ఇంగ్లీషు వైపు తిప్పి చూస్తున్నారు. మెట్రిక్ వరకే చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకొనే మేము పండితులము కాము. అయినా ఈ ఉగాది సంచికలో ఆ విషయమై నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

ముందు బళ్ళారి సంగతి చెప్పాలి. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన రాజధానిలోని జిల్లాలన్నిటా బళ్ళెన్ని, చదివేవారెందరు, ఏమి చదువుతున్నారు అని కలెక్టర్లను విచారించి వ్రాయమన్నాడు. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 ఆగస్టు 17న సమాధానం వ్రాశాడు. ఈయన తెలుగు తెలియని దొర కాదు. 1816లోనే తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో వ్రాసి అచ్చువేయించినవాడు. ఆనాటి బళ్ళారి జిల్లా చాలా పెద్దది. అనంతపురం దానినుండి విడిపోయినది 1882లో. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకూ, తక్కిన భాగం మైసూరుకూ పోయినది 1953లో. కాంబెల్ లెక్కలో బళ్ళు 533, చదివేవారు 6,641 మంది. బళ్ళలో కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు 1. కన్నడమూ తెలుగూ ఎంత సరిసమానంగా నడిచినవో చదువరులే గ్రహింపగలరు. ఈ సీమలో తెలుగు నిన్న దిగిన చుట్టం కాదని చెప్పడానికి ఈ లెక్క ఒక్కటి చాలు.

ఇక ఆ బళ్ళలోని సాధనాలు. అయిదేండ్ల పిల్లవాడు మొదట ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దేవాడు. అక్షరాలు వచ్చిన తరువాత తాటాకుమీద గంటంతోనో, కాగితంమీద కలంతోనో వ్రాయడం నేర్చేవాడు. కాని బళ్ళారి సీమలో ఎక్కువగా వాడుకలో ఉన్నవి రెండు వస్తువులు. ఒకటి అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉండే చెక్క. దానిని నున్నగా చిత్రికపట్టి, అన్నమూ బొగ్గుపొడీ కలిపి పూస్తే వ్రాతకు సిద్ధమయ్యేది. కన్నడంలో దానిని హలిగె అంటారు. మన పలకా ఆ హలిగే ఒక్కటే మాట. రెండవది కడితం. గుడ్డకు గంజిపెట్టి, పుస్తకంలాగా మడతలు వేసి, బొగ్గూ జిగురూ కలిపి పూసినది. ఈ రెంటిమీదా బలపంతో వ్రాసేవారు. తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ కొత్త. ఖర్చంతా ఇంతే. అన్నం, బొగ్గు, పాతగుడ్డ లేని ఇల్లు ఉండదు కాబట్టి పేదవానికి కూడ అందే సాధనమిది.

బడి ఆరుగంటలకే మొదలయ్యేది. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసి గౌరవించేవారు. రెండవవానికి సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన ఒక్కొక్కటి ఎక్కువ. పంతులు ఒక్కడే, పిల్లలు పలువురు. అందుకని ముందు నేర్చినవాడు వెనుకవానికి చెప్పేవాడు. పంతులు పై తరగతులు చూచుకొంటూ మొత్తం బడిమీద కన్ను వేసి ఉంచేవాడు. తక్కువ ఖర్చుతో వ్రాత నేర్పే ఈ పద్ధతినీ, పిల్లలచేత పిల్లలకు చెప్పించే ఈ ఏర్పాటునూ కాంబెల్ మెచ్చుకొని, ఇంగ్లండులో దీనిని అనుకరించడం న్యాయమే అన్నాడు.

ఈ అనుకరణ కథ కూడ మన ప్రాంతానిదే. ఆండ్రూ బెల్ అనే పాదిరీ 1787లో మద్రాసు వచ్చి, 1789 నుండి ఎగుమూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడుగా ఉన్నాడు. దేశీయుల బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయడం చూచి, తన బడిలో ప్రవేశపెట్టాడు. పెద్ద పిల్లలచేత చిన్నవారికి చెప్పించాడు. 1796లో స్వదేశం పోయి, మరుసటి ఏడు దానినిగురించి పుస్తకం ప్రకటించాడు. అది మద్రాసు పద్ధతి అనే పేరుతో ఇంగ్లండంతటా వ్యాపించినది. కొత్త సాధనాలు సీమనుండి మనకు రావడమే చూచినవారికి, మన ఇసుక అక్కడికి పోయిన ఈ ముచ్చట వింతగా తోచవచ్చు.

ఆ బళ్ళలో అంతా బంగారమే అని మేము చెప్పడం లేదు. 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. చదివే పుస్తకాలు ఎక్కువగా పద్యకావ్యాలు. పిల్లలు వల్లించేవారు గాని వారికి అర్థం తెలిసేది కాదు. కాంబెల్ దీనిని దాచలేదు. కన్నడం, తెలుగు లిపులు ఒక్కటిగానే ఉండడంచేత ఒకటి చదవగలిగినవాడు రెండవదీ చదవగలడు గాని అర్థం చేసుకోలేడని కూడ వ్రాశాడు. అంతకంటె పెద్దమాట మరొకటి ఉన్నది. ఇంగ్లండు బట్టల దిగుమతివల్ల నేతగాండ్రు మొదలైనవారు చితికిపోయి, దేశం బీదదై, పిల్లలను బడికి పంపే శక్తి చాలామందికి పోయినదనీ, 533 బళ్ళలో ఒక్కదానికి కూడ ప్రభుత్వ సహాయం అందడం లేదనీ, అది చెప్పుకొనడానికి తనకు సిగ్గుగా ఉన్నదనీ ఆ దొర స్వయంగా వ్రాశాడు. పలక చౌకే, పలక పట్టుకొనే పిల్లవానికి తిండి కావాలి, చెప్పే పంతులుకు జీతం కావాలి. సాధనమొక్కటే బడిని నిలపలేదు.

కాలక్రమాన చెక్కపలక పోయి రాతిపలక వచ్చినది. మార్కాపురం పలకలు మన తాతల చేతులలోనూ, తండ్రుల చేతులలోనూ అరిగినవి. తరువాత వచ్చినది రేడియో. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమైనవి. సరిహద్దు గీతలు గాలికి లేవు కాబట్టి, పొరుగు రాష్ట్రంలో ఉన్న తెలుగువాడి చెవికి కూడ తెలుగు అందినది. అయితే రేడియో చెవికే గాని కంటికి కాదు. అక్షరం చూపించలేదు.

ఆ లోటు తీర్చడానికి జరిగిన గొప్ప ప్రయత్నం 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు నడిచిన ఉపగ్రహ బోధన. దానిని సైట్ అనేవారు. విక్రం సారాభాయి సంకల్పంతో 1969లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో ఒప్పందం కుదిరినది. ఆయన 1971లో కాలధర్మం చెందినా పని ఆగలేదు. భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఏ.టి.ఎస్-6 అనే ఉపగ్రహంనుండి ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజను పాఠాలు దిగినవి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సాలు ఆ ఆరింటిలో ఉన్నవి. కర్ణాటకలో గుల్బర్గా, రాయచూరు, బిజాపురం జిల్లాలు ఎన్నుకొన్నారు. పట్నం మొగమే చూడని ఊళ్ళలో బడి కప్పుపక్కన పది అడుగుల వెడల్పుగల ఇనుపవల గొడుగు లేచినది. కోళ్ళను మూసే వలవంటి వలతోనే దానిని చేశారు. టెలివిజను పెట్టెలు తయారైనది హైదరాబాదులోని ఈ.సీ.ఐ.ఎల్. కర్మాగారంలో. కరెంటు లేని కొన్ని ఊళ్ళలో బ్యాటరీలతో నడిపించారు.

ఉదయం బడిపిల్లలకు గంటన్నర కార్యక్రమం. హిందీ, కన్నడం, ఒరియా, తెలుగు ఒక్కొక్క భాషకు ఇరవై రెండున్నర నిమిషాలు. ఇందులో మన దృష్టికి రావలసిన విశేషమొకటి ఉన్నది. ఆ ఉపగ్రహం ఒక బొమ్మతోపాటు రెండు శబ్దమార్గాలను పంపగలిగేది. అంటే ఒకే బొమ్మను చూస్తూ ఒక ఊరు ఒక భాషలోనూ, మరొక ఊరు మరొక భాషలోనూ వినే వీలున్నది. 1823లో ఒకే పలకమీద కన్నడమూ తెలుగూ దిద్దిన సీమకు, నూట యాభై ఏండ్ల తరువాత ఆకాశంనుండి దిగిన సాధనం కూడ రెండు భాషలను పక్కపక్కన కూర్చోబెట్టగలిగినది.

ఆ ఏడాదిలోనే సుమారు 50 వేలమంది ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. దానికి టెలివిజను ఒక్కదానినే నమ్ముకోలేదు. రేడియో, అచ్చుకాగితాలు, స్వయంగా చేసి చూచే ప్రయోగాలు, వీటన్నిటిని నడిపించే మార్గదర్శి ఉపాధ్యాయుడు అన్నీ కలిపితేనే శిక్షణ. ఏడాది కాగానే ఉపగ్రహాన్ని నాసా తన పనికి మరలించుకొన్నది. ఊళ్ళలో పెట్టెలు మూగబోయినవి. 1977లో హైదరాబాదు, గుల్బర్గా, సంబల్పూరు మొదలైన చోట్ల భూమిమీదనే ప్రసారకేంద్రాలు పెట్టి కొంతవరకు ఆ పని కొనసాగించారు. పరాయి పరికరంమీద నడిచే చదువు ఎంతకాలమో ఆ పరికరం సొంతదారే నిర్ణయిస్తాడన్నది అప్పుడు తెలిసిన పాఠం. అందుకే తరువాత మన దేశం సొంత ఉపగ్రహాలకు పూనుకొన్నది. కేవలం చదువుకోసమే చేసిన ఎడ్యుశాట్‌ను 2004 సెప్టెంబరు 20న తెలుగు నేలపై ఉన్న శ్రీహరికోటనుండి ఎగరవేశారు. కర్ణాటకలో చామరాజనగరం జిల్లా ప్రాథమిక పాఠశాలలకు దానిద్వారా పాఠాలు చేరినవి. 2010 వరకు అది పనిచేసినది. కాలేజీ చదువు విషయంలోనూ మనవారు వెనుకబడలేదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో వెలసినది. ఉద్యోగం వదలకుండా డిగ్రీ చదవాలనుకొనే మాబోటి గుమాస్తాలకు అది పెద్ద ఆసరా.

ఇంతలో అక్షరమే యంత్రంలోకి ఎక్కినది. 1980లలో కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై పుణేలోని సి-డాక్‌లో పెరిగిన కృషి ఫలితంగా, భారతీయ లిపులకు ఉమ్మడి సంకేతాల పట్టిక ఏర్పడి 1991లో జాతీయ ప్రమాణమైనది. ఆ పట్టికలో తెలుగు కకారానికీ కన్నడ కకారానికీ ఒకే అంకె. లిపి మార్చితే చాలు, తెలుగులో కొట్టిన మాట కన్నడంలో కనబడేది. ఒకటి చదవగలిగినవాడు రెండవదీ చదవగలడన్న కాంబెల్ మాటను యంత్రం మరొక రీతిలో నిజం చేసినది. అదే 1991లో ప్రపంచమంతటికీ ఏర్పడిన యూనికోడులో ఎవరి గది వారిదే అయినా, తెలుగు గదికి ఆనుకొనే కన్నడం గది ఉన్నది. అక్కడా ఇరుగు పొరుగులమే.

2020లో కరోనా వచ్చి బళ్ళు మూతబడినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ దూరదర్శన్ మీద పాఠాలు చెప్పారు. 2017లో వచ్చిన దీక్షా అనే ఏర్పాటువల్ల పాఠ్యపుస్తకంలోని చదరపు గుర్తుకు ఫోను చూపితే పాఠం తెరమీదికి వస్తున్నది. తెలుగు పాఠ్యపుస్తకాలను ఏ రాష్ట్రంలో ఉన్నవారైనా ఉచితంగా దించుకోవచ్చును. కర్ణాటక ప్రభుత్వం కూడ తెలుగు మాధ్యమానికి పుస్తకాలు వేస్తున్నది. అంటే సాధనాల కరవు మనకు లేదు. నిజం చెప్పాలంటే, మన పూర్వులకు అన్నమూ బొగ్గూ ఎంత సులభమో మనకు ఇవి అంత సులభం.

మరి లేనిదేమిటి? పక్కన కూర్చొనే మనిషి. బళ్ళారి పలకకు పక్కన పెద్ద పిల్లవాడు ఉన్నాడు. సైట్ శిక్షణకు పక్కన మార్గదర్శి ఉన్నాడు. మన పిల్లవాని చేతిలోని ఫోనుకు పక్కన ఎవరూ లేరు. మేము పనిమీద బళ్ళారినుండి గుంతకల్లు బండిలో పోయేటప్పుడు ఒక సంగతి గమనించినాము. సరిహద్దు దాటగానే స్టేషను పేరు కన్నడంనుండి తెలుగులోకి మారుతుంది. కన్నడబడి పిల్లలు కిటికీలోనుండి ఆ తెలుగు పేరు కూడబలుక్కొని చదువుతారు. తలకట్టు వంపు ఒకటి తేడా, రెండు మూడు అక్షరాల పోలిక వేరు. పక్కన పెద్దవారెవరైనా చూపితే రెండు స్టేషన్లు దాటేసరికి పట్టుబడుతుంది. ఎవరూ చూపకపోతే గుంతకల్లు వచ్చినా పట్టుబడదు. తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలోని మనవారి పిల్లలకు ఈ లిపిపోలిక కూడ లేదు. వారికి పక్కన మనిషి అవసరం ఇంకా ఎక్కువ.

కాబట్టి మా మనవి ఇది. మన సంఘంలో ఆదివారం ఒక గంట తెలుగు అక్షరానికి కేటాయించుదాం. పంతులుకోసం వెదకనక్కరలేదు, తెలుగు చదవడం వచ్చిన ఎనిమిదో తరగతి పిల్ల మూడో తరగతి పిల్లవానికి చెప్పగలదు. ఫోనులో పాఠం ఉండనే ఉన్నది, ఇసుకా దొరుకుతుంది. ఆనాటి 60 మంది ఆడపిల్లల లెక్కను ఈనాడు మన గదిలో సరిచేయుదాం. దెబ్బల లెక్క మాత్రం వదలివేసి, ముందు వచ్చిన పిల్లల అరచేతిలో సరస్వతి పేరు వ్రాసే ఆచారం నిలుపుకొందాం. ఆ పేరు తెలుగులో వ్రాయాలి. పిల్లలే దానిని చదివి చెప్పాలి.