ఆ ఇంట తినని సంస్థ

1969 ఫిబ్రవరి 23, ఆదివారం. లండన్‌లో సండే టైమ్స్ పత్రికతో పాటు వచ్చిన రంగుల అనుబంధంలో నార్మన్ లూయిస్ రాసిన ఒక పెద్ద వ్యాసం అచ్చయింది. శీర్షిక ఒక్కటే మాట, జాతిహననం. బ్రెజిల్ అడవుల్లో ఆదివాసులను ఎలా తుడిచిపెడుతున్నారో అందులో ఉంది. యాత్రా రచనల్లో, నవలల్లో అంత పేరున్న లూయిస్ తన జీవితంలో చేసిన అతి పెద్ద పని ఆ వ్యాసమేనని చివరిదాకా నమ్మాడు. ఆదివారం పేపరుకు రాసే ఎవరికైనా ఆ సంగతి తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. కాఫీ తాగుతూ తిరగేసి పక్కన పడేసే పేజీల్లోంచి ఒక సంస్థ పుట్టింది. దాని పేరు సర్వైవల్ ఇంటర్నేషనల్.

లూయిస్ వ్యాసానికి ఆధారం ఒక ప్రభుత్వ నివేదిక. బ్రెజిల్‌లో ఆదివాసుల రక్షణ కోసం 1910లో ఒక శాఖ ఏర్పడింది. దాన్ని పెట్టింది కాండిడో రొండోన్ అనే సైనికాధికారి. చావనైనా చావాలి గానీ ఆదివాసి మీద ఆయుధం ఎత్తకూడదని సిబ్బందికి ఆయన నియమం పెట్టాడు. అర్ధ శతాబ్దం గడిచేసరికి ఆ శాఖే భూములు కాజేసేవాళ్లకు కాపలాదారుగా మారింది. 1967లో జాడెర్ ఫిగేరెడో అనే న్యాయవాదికి ప్రభుత్వం విచారణ అప్పగించింది. ఆయన దేశమంతా తిరిగి దాదాపు 7 వేల పేజీలు పోగుచేశాడు. హత్యలు, వెట్టిచాకిరి, చిత్రహింసలు, కావాలని అంటించిన రోగాలు, విమానంలోంచి గూడేల మీద జారవిడిచిన డైనమైట్, అన్నీ అందులో ఉన్నాయి. 134 మంది అధికారుల మీద అభియోగాలు వచ్చినా ఒక్కరూ జైలుకు పోలేదు. శాఖను రద్దు చేసి మరో పేరుతో ఇంకొకటి పెట్టారు. నివేదిక అగ్నిప్రమాదంలో కాలిపోయిందని చాలాకాలం నమ్మారు. 2013లో రియో డి జనీరోలోని ఒక మ్యూజియంలో ఆ కాగితాలు దొరికాయి.

వ్యాసం చదివి కలతపడ్డ కొందరు లండన్‌లో కూడారు. వాళ్లలో రాబిన్ హాన్‌బరీ టెనిసన్, జాన్ హెమింగ్ లాంటి యాత్రికులు, పరిశోధకులు ఉన్నారు. వాళ్లు పెట్టిన సంస్థ మొదటి పేరు 'ప్రిమిటివ్ పీపుల్స్ ఫండ్', అంటే ఆదిమ జనుల నిధి. 1971కల్లా అది 'సర్వైవల్ ఇంటర్నేషనల్' అయింది. పేరు మార్పు చిన్న విషయంగా కనిపించవచ్చు. నాకు మాత్రం అందులోనే ఈ సంస్థ ఎదుగుదల కనిపిస్తుంది. ఎవరినైతే ఆదిమ జనులన్నారో వాళ్లు మనతో పాటు ఇదే కాలంలో బతుకుతున్న మనుషులని తెలుసుకోవడానికి రెండేళ్లు పట్టింది. తర్వాత ఆ మాటను పత్రికలు వాడొద్దంటూ ఉద్యమమే నడిపారు.

పాత పేరులో ఉన్న రెండో మాట నిధి. దాని సంగతి ఇంకా ముఖ్యం.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని మనలో సామెత ఉంది. కృతఘ్నత కూడదని దాని అర్థం. కానీ వాసాలు లెక్కపెట్టడమే వృత్తిగా పెట్టుకున్న వాడి పరిస్థితి ఏమిటి? ఆ ఇంట్లో తినకుండా ఉండటం తప్ప వాడికి దారి లేదు. సర్వైవల్ చేసింది అదే. ఏ దేశ ప్రభుత్వం డబ్బూ తీసుకోకూడదని నియమం పెట్టుకుంది. ఆదివాసుల భూమి లాక్కునేది చాలాచోట్ల ప్రభుత్వాలే కాబట్టి వాళ్ల చేతి డబ్బుతో వాళ్లను నిలదీయడం కుదరదని లెక్క. ఆ స్థానంలో వచ్చేవి మామూలు మనుషుల చందాలు, వీలునామాల్లో రాసిచ్చిన సొమ్ము, కార్డులూ క్యాలెండర్లూ అమ్మితే వచ్చిన డబ్బు. దాదాపు 100 దేశాల్లో రెండున్నర లక్షల మంది మద్దతుదారులు ఉన్నారని సంస్థ చెబుతుంది. బ్రిటన్‌లో రిజిస్టరైన ధర్మసంస్థ కనుక ఏటా ఆదాయ వ్యయాల పద్దు అక్కడి చారిటీ కమిషన్‌కు ఇవ్వాలి. ఆ పద్దు ఎవరైనా చూడొచ్చు.

ఈ నియమానికి ఖరీదు ఉంది. ఐరోపా ప్రభుత్వాలు సహాయ నిధుల పేరిట కోట్లు పంచే కాలంలో, పక్కనున్న పెద్ద సంస్థలు ఆ డబ్బుతో వందలమంది ఉద్యోగులతో విస్తరించే కాలంలో వీళ్లు చిన్నగానే ఉండిపోయారు. వీళ్లకు బడులు, ఆసుపత్రులు, రోడ్లు లాంటి నిర్మాణ ప్రాజెక్టులు లేవు. డబ్బు ఎక్కువగా పోయేది పరిశోధకుల జీతాలకు, ప్రయాణాలకు, ప్రచారానికి, కొన్నిచోట్ల కోర్టు ఖర్చులకు. దాతలకు ఇలాంటి ఖర్చు నచ్చదు. పాఠశాల కడితే ఫొటో తీసి పంపవచ్చు. ప్రభుత్వాలకు పదేళ్లు రాసిన ఉత్తరాల కట్టను ఫొటో తీసి ఏం పంపుతాం?

యానోమామీ ఆదివాసుల విషయంలో ఆ ఉత్తరాల కాలం ఇరవై ఏళ్లకు పైగా సాగింది. బ్రెజిల్ ఉత్తరపు అంచున, వెనిజులా సరిహద్దు అడవుల్లో వాళ్లు ఉంటారు. 1980లలో బంగారం కోసం 40 వేలమంది దాకా ఆ అడవిలో చొరబడ్డారు. వాళ్లతో మలేరియా వచ్చింది, నదుల్లోకి పాదరసం వచ్చింది. ఏడేళ్లలో యానోమామీల్లో ఐదో వంతు మంది చనిపోయారు. బ్రెజిల్‌లోనే ఫొటోగ్రాఫర్ క్లాడియా అందుజార్ లాంటివాళ్లు ఒక కమిటీ పెట్టి పోరాడుతుండగా, సర్వైవల్ బయటి దేశాల్లో గొంతు కలిపింది. 1989లో సంస్థకు రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం వచ్చినప్పుడు యానోమామీ నాయకుడు దావి కొపెనావాను యూరప్‌కు పిలిపించి ఆ వేదిక ఎక్కించింది. అది ఆయన మొదటి విదేశీ ప్రయాణం. 1992లో బ్రెజిల్ 96 లక్షల హెక్టార్లను యానోమామీ ప్రాంతంగా గుర్తించింది. తెలంగాణ మొత్తానికి కాస్త తక్కువ నేల అది. గెలుపు శాశ్వతమని ఎవరూ అనుకోనక్కర్లేదు. బంగారం వేటగాళ్లు మళ్లీ చొరబడ్డారు. 2023 జనవరిలో అక్కడ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది.

ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో ఖర్చు నేరుగా కోర్టుకు వెళ్లింది. కలహారి ఎడారి నడిమధ్య వన్యప్రాణి రక్షిత ప్రాంతంలో తరతరాలుగా ఉన్న బుష్‌మన్ కుటుంబాలను 1997లో ఒకసారి, 2002లో మరోసారి ప్రభుత్వం లారీల్లో ఎక్కించి బయట శిబిరాల్లో దించింది. మిగిలినవాళ్లు వెనక్కి రాకుండా మోతోమెలో దగ్గర బోరుబావిని మూసేసింది. ఎడారిలో బోరు మూయడమంటే మనిషి గొంతు మీద చెయ్యి వేయడమే. 243 మంది పేర్లతో కేసు పడింది. సర్వైవల్ మద్దతుదారుల చందాలు ఆ కేసును నిలబెట్టాయి. బోట్స్‌వానా చరిత్రలోనే అతి దీర్ఘమైన, అతి ఖరీదైన దావా అది. 2006 డిసెంబరు 13న ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు బుష్‌మన్‌ల పక్షాన తీర్పు చెప్పారు. బోరు నీటి హక్కు కోసం మళ్లీ కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2011 జనవరిలో ఆ హక్కూ దక్కింది.

ఇక్కడ ఒక విమర్శ చెప్పకుండా దాటేస్తే అన్యాయం. వజ్రాల కోసమే బుష్‌మన్‌లను తరిమారంటూ సర్వైవల్ సాగించిన ప్రచారం వల్ల ప్రభుత్వం మొండికేసిందనీ, దేశంలోనే కూర్చుని మాట్లాడుకుంటే దారి దొరికేదనీ అక్కడి హక్కుల సంస్థవాళ్లు, కొందరు మానవశాస్త్రవేత్తలు అన్నారు. ఆ మాటలో బరువు ఉంది. దూరాన ఉండి అరిచేవాడి అరుపు దగ్గర బతికేవాడి మెడకు చుట్టుకోవచ్చు. కానీ మూసిన బోరును సంప్రదింపులు తెరిపించలేదు, కోర్టు తెరిపించింది. నా తూకంలో ఆ వైపే బరువు ఎక్కువ.

మనకు దగ్గరి కథ ఒడిశాలోని నియమగిరిది. విజయనగరం నుంచి రాయ్‌పూర్ వెళ్లే రైల్లో రాయగడ దాటాక బిస్సం కటక్, మునిగుడ స్టేషన్ల దగ్గర కిటికీలోంచి కనిపించే కొండల వరస అది. శ్రీకాకుళం జిల్లా రైతుకు అది పరాయి కొండ కాదు. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీకి వచ్చి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వంశధార పుట్టేది ఆ కొండల దగ్గరే. కొండ మీద 8 వేలకు పైగా డోంగ్రియా కోంధులు పైనాపిల్, పసుపు, అల్లం, చిరుధాన్యాలు పండించుకుంటారు. కొండ కొసన ఉండే నియమరాజా వాళ్ల దేవుడు. ఆ కొసనే 7 కోట్ల టన్నులకు పైగా బాక్సైట్ ఉంది. కొండ అడుగున లంజిగఢ్‌లో వేదాంత కంపెనీ అల్యూమినా శుద్ధి కర్మాగారం కట్టింది. కొండ తవ్వడానికి అనుమతి రాకముందే కర్మాగారం లేచింది.

పోరాటం డోంగ్రియాలది. నియమగిరి సురక్షా సమితిది. దెబ్బలు తిన్నదీ, జైళ్లకు వెళ్లిందీ వాళ్లు. ఈ వరస తప్పితే చరిత్ర అబద్ధమవుతుంది. సర్వైవల్ పట్టుకున్నది గొలుసులో ఇంకో కొసను. వేదాంత మాతృసంస్థ 2018 దాకా లండన్ స్టాక్ మార్కెట్లో నమోదై ఉండేది. వాటాదారులు లండన్‌లో ఉండేవారు. కంపెనీ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో అక్కడికే వెళ్లి తలుపు తట్టారు. 2008 డిసెంబరులో బ్రిటన్ ప్రభుత్వానికే ఫిర్యాదు ఇచ్చారు, బహుళజాతి కంపెనీల నడవడికి సంపన్న దేశాలు రాసుకున్న మార్గదర్శకాలను ఈ కంపెనీ తప్పిందని. డోంగ్రియాల హక్కులను కంపెనీ గౌరవించలేదని 2009 సెప్టెంబరులో బ్రిటన్ తేల్చింది. అంతకుముందే 2007లో నార్వే ప్రభుత్వ పింఛను నిధి ఆ కంపెనీ వాటాలు వదిలించుకుంది. 2010 ఫిబ్రవరిలో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ తన 38 లక్షల పౌండ్ల వాటాలు అమ్మేసింది. అదే నెలలో సర్వైవల్ హాలీవుడ్ సినిమా పత్రికలో ఒక ప్రకటన వేసింది. అవతార్ తీసిన జేమ్స్ కామెరాన్‌ను ఉద్దేశించి, మీ కథ నిజంగా జరుగుతోంది, చూడమని. నీలిరంగు పూసుకున్న మనుషులు కంపెనీ వార్షిక సమావేశం బయట నిలబడ్డారు. వీటన్నిటికీ అయ్యే ఖర్చు ఒక గని తెరవడానికయ్యే ఖర్చు ముందు లెక్కలోకి రాదు. బ్రిటన్ ప్రభుత్వపు డబ్బు తింటూ బ్రిటన్‌లో నమోదైన కంపెనీ మీద ఇంత దూరం వెళ్లగలిగేవారా అన్నది నా ప్రశ్న.

2010 ఆగస్టులో కేంద్రం వేసిన సక్సేనా కమిటీ నివేదిక వచ్చింది, అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ గనికి అటవీ అనుమతి నిరాకరించారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. కొండ మీద వందకు పైగా ఊళ్లుంటే రాష్ట్ర ప్రభుత్వం 12 ఊళ్లనే ఎంచింది. జులై నుంచి ఆగస్టు దాకా ఒక్కో ఊళ్లో జిల్లా జడ్జి సమక్షంలో సభ జరిగింది. ఆగస్టు 19న జరపా గ్రామంలో చివరిది. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి.

సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పుకు పునాదిరాళ్లలో ఒకటి మన మన్యానిది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గిరిజనుల భూముల్లో గనుల లీజులను సవాలు చేస్తూ సమత అనే సంస్థ 1993లో హైకోర్టుకు వెళ్లింది, అక్కడ ఓడింది, సుప్రీంకోర్టుకు ఎక్కింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజు ఇవ్వడం చెల్లదు, ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుంది, తవ్వకం సాగే చోట నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పెట్టాలి అని. రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కాగితం మీదనుంచి లేచి నిలబడిన రోజది. ఆ తీర్పు తెచ్చింది విశాఖ మన్యంలో పనిచేసిన ఒక చిన్న సంస్థ.

ఇలాంటి చిన్న సంస్థలకు డబ్బు ఎలా వస్తుందన్నది మన పత్రికలు అరుదుగా అడిగే ప్రశ్న. మన ప్రభుత్వ గ్రాంటు తీసుకుంటే పై సామెత వర్తిస్తుంది. విదేశీ నిధి కావాలంటే 1976లో మొదలై 2010లో కొత్తగా రాసిన చట్టం ఉంది. 2020 సవరణతో ఆ డబ్బు ఢిల్లీలోని ఒకే ఒక స్టేట్ బ్యాంకు శాఖలోకే రావాలి, పరిపాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు, ఒక సంస్థ తీసుకున్న నిధిని మరో సంస్థకు పంచకూడదు. కలెక్టరేట్ చుట్టూ తిరిగే కార్యకర్త జీతం, కోర్టు వాయిదాలకు వెళ్లే బస్సు ఖర్చు కాగితం మీద పరిపాలనా ఖర్చు కిందికే వచ్చే ప్రమాదం ఉంది. పెద్ద సంస్థ నుంచి ఏటా కొంత అందుకుని నడిచే మారుమూల సంఘానికి ఆ దారీ మూసుకుపోయింది. విదేశీ డబ్బు మీద నిఘా ఉండాల్సిందే. కానీ ఆ నిఘా బరువు మొదట పడింది అతి చిన్నవాళ్ల మీద.

నల్లమలలో 2019లో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు చెంచులు అమ్రాబాద్ అడవిలో అడ్డం నిలబడ్డారు. సర్వైవల్ ఆ గొంతును బయటికి వినిపించింది. హైదరాబాద్‌లో జనం కదిలారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానించింది. లండన్ కార్యాలయం గొంతు కలపగలదు గానీ మన్ననూరు నుంచి నాగర్‌కర్నూలు దాకా వెళ్లే చెంచు యువకుడి బస్సు చార్జీ ఇక్కడివాళ్లే ఇవ్వాలి. మీకు దగ్గర్లో ఆదివాసుల భూమి కేసులు పట్టుకుని తిరిగే సంఘం ఏదైనా ఉంటే కనుక్కోండి. నెలకు వంద రూపాయలు ఇవ్వగలిగితే ఇవ్వండి. ఇచ్చాక, ఏడాది చివర లెక్క అడగండి.