చక్రవర్తిగారి ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ ఈ రెండూ చేసి చూశాడు. ఇల్లు నిలబడింది. కూతురి బతుకే నిలబడలేదు.

ఆ ఇల్లు చూడాలంటే క్రొయేషియాలో, ఏడ్రియాటిక్ సముద్రపుటొడ్డున ఉన్న స్ప్లిట్ నగరానికి వెళ్ళాలి. ఆ ప్రాంతంలోనే ఓ సామాన్య కుటుంబంలో పుట్టిన డయోక్లీషియన్ సైన్యంలో పైకొచ్చి, 284లో చక్రవర్తి అయ్యాడు. ఇరవై ఏళ్ళు ఏలి, 305లో తనంతట తానే గద్దె దిగి, ముందే కట్టించుకున్న ఇంటికి చేరాడు. ఇల్లంటే మాటలా! ఇంచుమించు 215 మీటర్ల పొడవు, 180 మీటర్ల వెడల్పు, కోటలాంటి గోడలు, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. మళ్ళీ వచ్చి రాజ్యం ఏలమని అడిగిన వాళ్ళతో, "నా చేత్తో పెంచిన కూరమళ్ళు చూస్తే మీరీ మాట అనరు" అన్నాడట.

కూతురు వలేరియాని తన తర్వాత గద్దెనెక్కిన గలేరియస్‌కి ఇచ్చాడు. 311లో అతను పోయాడు. ఆ వెంటనే మాక్సిమినస్ అనే మరో పాలకుడు తనని పెళ్ళాడమన్నాడు. ఆవిడ కాదంది. అంతే! ఆస్తి లాక్కుని, తల్లి ప్రిస్కాతో సహా వెళ్ళగొట్టాడు. నా బిడ్డని నా దగ్గరికి పంపండని ఆ తండ్రి కబురు మీద కబురు పెట్టాడు. గద్దె దిగిన వాడి మాట ఎవరు వింటారు? చివరికి తల్లీకూతుళ్ళు మామూలు ఆడవాళ్ళ బట్టలు కట్టుకుని, పదిహేను నెలలు ఊళ్ళుపట్టి తిరిగి, థెస్సలొనికాలో పట్టుబడి ప్రాణాలు పోగొట్టుకున్నారని ఆనాటి రచయిత లాక్టాన్షియస్ రాశాడు. అంత ఇంట్లో కన్నకూతురికి ఒక్క గది ఇవ్వలేకపోయాడు.

మూడు వందల ఏళ్ళు గడిచాయి. 7వ శతాబ్దంలో దగ్గర్లోని సలోనా నగరం దండయాత్రలకి కూలిపోయింది. దిక్కుతోచని జనం పిల్లాపాపలతో, మూటాముల్లెతో వచ్చి ఆ గోడల వెనక తలదాచుకున్నారు. స్తంభాల మధ్య గోడలు లేపుకుని కాపురాలు పెట్టారు. చక్రవర్తి సమాధి మందిరం చర్చి అయింది. ఆయన హయాంలో క్రైస్తవుడైనందుకు ప్రాణం పోగొట్టుకున్న బిషప్ డోమ్నియస్ పేరుతోనే దాన్ని పిలుస్తారు!

ఇంకో తమాషా. పైనున్న జనం తరతరాలుగా చెత్తా చెదారం కింది నేలమాళిగల్లోకి పోశారు. ఆ చెత్తతో నిండబట్టే అవి చెక్కుచెదరకుండా ఉన్నాయి. 20వ శతాబ్దంలో తవ్వి శుభ్రం చేశాక, పైన కూలిపోయిన గదులు ఎలా ఉండేవో వాటినిబట్టి తెలిసింది.

1979లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పటికీ అందులో కాపురాలున్నాయి. కిటికీల ముందు తాళ్ళమీద బట్టలు ఆరుతుంటాయి.

దీపం పెట్టే దిక్కులేని ఇల్లు ఎంత గట్టిదైనా పాడుబడుతుందని మనకి తెలియనిదా? ఆ ఇంటికి అలాంటి గతి పట్టకుండా కాపాడింది, ప్రాణం అరచేత పెట్టుకుని వచ్చి అక్కడ పొయ్యి వెలిగించిన ఆ ఇల్లాళ్ళే. పాపం, వలేరియాకి దక్కని నీడ వాళ్ళకి దక్కింది.