జీతం లేని పెద్దరికం

అమెరికాలో ప్రభుత్వ అధికారపత్రం పొందిన తొలి ఆసుపత్రిని నడిపే బాధ్యత చందా ఇచ్చిన ఊరి వాళ్లు ఎన్నుకున్న పన్నెండు మంది భుజాన పడింది. వాళ్లకు జీతం లేదు. బోర్డు సమావేశానికి ఆలస్యంగా వస్తే జరిమానా మాత్రం ఉంది.

డాక్టర్ థామస్ బాండ్ చందాల కోసం ఫిలడెల్ఫియా వీధుల్లో ఎంత తిరిగినా పని ముందుకు సాగడం లేదు. జబ్బుపడ్డ పేదలకు, దిక్కులేక రోడ్ల మీద తిరిగే మతిస్థిమితం లేనివాళ్లకు ఊళ్లో ఒక ఆసుపత్రి ఉండాలన్నది ఆయన పట్టుదల. పెన్సిల్వేనియా అప్పటికింకా బ్రిటిష్ కాలనీ. ఇలాంటి ఆసుపత్రి అక్కడివాళ్లకు కొత్త. ఎవరి గుమ్మం తొక్కినా ఒకటే ప్రశ్న: ఈ సంగతి ఫ్రాంక్లిన్‌తో మాట్లాడారా, ఆయనేమన్నారు? చివరికి బాండ్ నేరుగా బెంజమిన్ ఫ్రాంక్లిన్ దగ్గరికే వెళ్లాడు. ఇది 1751 నాటి మాట. ఫ్రాంక్లిన్‌కు అప్పుడు 45 ఏళ్లు. అచ్చుపని చేసి పైకొచ్చినవాడు, సొంత పత్రిక ఉన్నవాడు, ఊళ్లో అగ్నిమాపక దళాన్నీ చందా గ్రంథాలయాన్నీ నిలబెట్టినవాడు. బాండ్ చెప్పింది విని తానూ చందా రాశాడు, తన ‘పెన్సిల్వేనియా గెజిట్’లో జనం మనసు కరిగేలా వ్యాసాలు కూడా రాశాడు.

రెండు వేలకు రెండు వేలు

చందాలొక్కటే చాలవని ఫ్రాంక్లిన్‌కు త్వరలోనే తెలిసింది. కాలనీ శాసనసభను సాయం అడిగితే పల్లెల సభ్యులు అడ్డు చెప్పారు. ఆసుపత్రి పట్నంవాళ్లకే ఉపయోగపడుతుంది కాబట్టి ఖర్చు కూడా పట్నంవాళ్లే భరించాలన్నారు. అసలు పట్నంలోనే దీనికి అంత ఆదరణ ఉందా అని సందేహించారు.

అప్పుడు ఫ్రాంక్లిన్ బిల్లులో ఒక షరతు పెట్టాడు. జనం తమంతట తాము 2,000 పౌండ్లు పోగుచేస్తేనే శాసనసభ మరో 2,000 పౌండ్లు ఇస్తుంది, లేకపోతే ఏమీ ఇవ్వదు. అంత సొమ్ము ఎలాగూ పోగుకాదనుకున్న సభ్యులు, పైసా ఖర్చు లేకుండా దాతలన్న పేరు వస్తుందని ఒప్పుకున్నారు. ఇటు జనానికి ఆ షరతే ఉత్సాహమైంది. తాను ఇచ్చే ప్రతి పౌండుకూ మరో పౌండు తోడవుతుందని తెలిసి ప్రతివాడూ ధారాళంగా ఇచ్చాడు. చందాలు కావలసిన మొత్తాన్ని కొద్దికాలంలోనే దాటిపోయాయి. బిల్లుకు 1751 మే నెలలో గవర్నర్ ఆమోదం లభించింది. తాను నడిపిన రాజకీయ ఎత్తుల్లో ఇంత సంతోషం ఇచ్చింది మరొకటి గుర్తులేదని ఫ్రాంక్లిన్ తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు.

చరిత్ర పుస్తకాలు ఈ చందా ఉపాయాన్ని మెచ్చుకుని అక్కడితో ఆగిపోతుంటాయి. నా దృష్టిలో అంతకంటే గొప్ప ఆలోచన ఆ చట్టంలోనే ఉంది. అది పాలనకు సంబంధించింది. 10 పౌండ్లు, అంతకుమించి ఇచ్చిన చందాదారులంతా ఏటా సమావేశమై, తమలోంచి పన్నెండు మంది మేనేజర్లనూ ఒక కోశాధికారినీ ఎన్నుకోవాలి. మూలధనాన్ని ముట్టుకోకూడదు, దాని మీద వచ్చే వడ్డీతోనే పేద రోగుల తిండి, మందులు గడవాలి. లెక్కలు ఏటా పత్రికలో అచ్చువేయాలి, శాసనసభ అడిగితే పద్దు పుస్తకాలు తెరిచి చూపాలి. ఆసుపత్రికి యజమాని అంటూ ఎవరూ లేరు. యజమాని లేని సొత్తును కాచేవాడు తప్పకుండా ఉండాలని ఆ చట్టం రాసినవాళ్లకు బాగా తెలుసు.

గడియారం చూసి జరిమానా

1751 జూలై 1న తొలి మేనేజర్ల ఎన్నిక జరిగింది. జాషువా క్రాస్బీ అధ్యక్షుడయ్యాడు. ఫ్రాంక్లిన్ సమావేశాల చిట్టా రాసే గుమస్తాగా కూర్చున్నాడు. పన్నెండు మందిలో వర్తకులు, భూస్వాములు, క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన పెద్దలు ఉన్నారు. వైద్యుడు బాండ్ ఒక్కడే. వడ్రంగం నుంచి ఎదిగి ఇళ్లు కట్టించే స్థాయికి చేరిన శామ్యూల్ రోడ్స్ కూడా ఉన్నాడు.

వాళ్లు మొదట కట్టడి చేసుకున్నది తమనే. సమావేశానికి రాకపోతే జరిమానా, ఆలస్యమైతే జరిమానా, మిగతావాళ్ల అనుమతి లేకుండా మధ్యలో లేచిపోయినా జరిమానా. తర్వాత వంతులు వేసుకున్నారు. ఇద్దరేసి మేనేజర్లు నిర్ణీత రోజుల్లో ఆసుపత్రికి వెళ్లి, ఎవరిని చేర్చుకోవాలో, ఎవరిని ఇంటికి పంపాలో డాక్టర్లతో కలిసి తేల్చేవాళ్లు. దగ్గర కూర్చుని చూస్తేనే ఏ వార్డులో ఏం జరుగుతోందో తెలుస్తుంది. ఒక్కో మేనేజరు ఇంట్లో ఒక రేకు డబ్బా పెట్టించారు. దాని మీద ఆసుపత్రి కోసం దానం అని బంగారు అక్షరాలు రాయించారు. ఇంటికొచ్చిన బంధువులూ, వ్యాపారం మాట్లాడవచ్చిన వాళ్లూ ఆ డబ్బాను చూడక తప్పేది కాదు. మందుల కోసం ఊరి వితంతువులు, ఇతర స్త్రీలు వేరేగా చందా పోగుచేసి ఇచ్చారు.

1752 ఫిబ్రవరిలో ఒక అద్దె ఇంట్లో తొలి రోగులు చేరారు. ఎలిజబెత్ గార్డ్‌నర్ అనే క్వేకర్ వితంతువు మేట్రన్‌గా ఆసుపత్రి లోపలి వ్యవహారమంతా చూసింది. లాయిడ్ జాకరీ, థామస్ బాండ్, ఆయన తమ్ముడు ఫినియాస్ బాండ్ జీతం లేకుండా వైద్యం చేశారు. ఆపదలో వచ్చేవాళ్ల కోసం కనీసం ఒక మంచం ఎప్పుడూ ఖాళీగా ఉంచాలన్నది మేనేజర్లు రాసుకున్న నియమాల్లో ఒకటి. ప్రమాదంలో గాయపడ్డవాడిని సిఫారసు చీటీ అడగకుండా లోపలికి తీసుకోవాలన్న స్పృహ దాని వెనక ఉంది.

సొంత భవనానికి స్థలం కావలసి వచ్చినప్పుడు కాలనీ యజమానులైన పెన్ కుటుంబం ఒక స్థలం ఇవ్వజూపింది. అది పల్లపు నేల, జబ్బుపడ్డవాళ్లను ఉంచడానికి పనికిరాదు. పైగా వాళ్లు పెట్టిన షరతులు కూడా మేనేజర్లకు నచ్చలేదు. కాలనీలో అంతటి అధికారం ఉన్నవాళ్లకే మేనేజర్లు మర్యాదగా కాదని చెప్పి, వేరే చోట స్థలం కొన్నారు. ఊరి పెద్దలు జీతం తీసుకోకపోవడంలో ఒక బలం ఉంది. ఎవరికీ బాకీ లేనివాడు ఎవరికైనా కాదని చెప్పగలడు.

కొత్త భవనానికి రోడ్స్ నమూనా గీశాడు. 1755 మే 28న పునాదిరాయి వేశారు. దాని మీది శాసనం ఫ్రాంక్లిన్ రాశాడు. క్రాస్బీ ఆ ఏడాదే కన్నుమూస్తే ఫ్రాంక్లిన్ రెండో అధ్యక్షుడయ్యాడు. 1756 డిసెంబరులో రోగులు కొత్త భవనంలోకి మారారు. ఫిలడెల్ఫియాలో పైన్ వీధి పక్కన ఆ ఇటుక భవనం ఇప్పటికీ నిలిచి ఉంది.

స్త్రీల పాలకమండలి, గుంటూరు దాకా

ఆ తొలి బోర్డుకు ఒక లోపం ఉంది, దాన్ని దాచకుండా చెప్పుకోవాలి. 10 పౌండ్లు ఇవ్వగలిగినవాడికే ఓటు. మేనేజర్లంతా పురుషులే. మంచం మీద పడుకున్న రోగి మాట వినేందుకు ఏ ఏర్పాటూ లేదు.

వందేళ్ల తర్వాత అదే ఊళ్లో, స్త్రీలను బయట ఉంచిన ఈ గోడకు బీట పడింది. ఫిలడెల్ఫియాలో 1850లో స్త్రీల వైద్య కళాశాల పుట్టింది. ఊళ్లోని ఆసుపత్రులు దాని విద్యార్థినులను వార్డుల్లోకి రానివ్వలేదు. అప్పుడు ఆన్ ప్రెస్టన్ అనే క్వేకర్ వైద్యురాలు తోటి స్త్రీలను కూడగట్టి 1861లో స్త్రీల ఆసుపత్రిని స్థాపించింది. దాని పాలకమండలిలో స్త్రీలే కూర్చున్నారు. చందా పోగుచేయడం దగ్గర్నుంచి డాక్టర్లను నియమించడం దాకా వాళ్లే చూసుకున్నారు. బాండ్, ఫ్రాంక్లిన్ నిలబెట్టిన ఆ తొలి ఆసుపత్రి, పెన్సిల్వేనియా హాస్పిటల్ మేనేజర్లు కూడా కొన్నేళ్లకు తలుపు తెరిచారు. 1869 నవంబరులో విద్యార్థినులు అక్కడి క్లినికల్ పాఠానికి వస్తే మగ విద్యార్థులు గేలి చేశారు, ఉమ్మిలో తడిపిన కాగితపు ఉండలు విసిరారు. ఆ అమ్మాయిలు కదలకుండా కూర్చుని పాఠం విన్నారు.

ఆ కళాశాల నుంచి 1879లో పట్టా పొందిన ఆనా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. ఆమెను వైద్యురాలిగా పంపేందుకు లూథరన్ మిషన్ పెద్దలు మొదట సిద్ధపడలేదు. టీచరుగా పంపారు. ఆమె వైద్యం మానలేదు. మిషన్ స్త్రీల సంఘాలు కూడబెట్టిన చందాలతో 1898లో గుంటూరులో ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. మన వాళ్లు దాన్ని కుగ్లర్ ఆసుపత్రి అని పిలుచుకున్నారు. కృష్ణా, గుంటూరు సీమల్లో ఎన్ని తరాల పిల్లలు అక్కడ కళ్లు తెరిచారో! ఆ ఆసుపత్రి వెనక సముద్రం అవతల తమ పేరు ఎక్కడా చెక్కించుకోని వేలాది గృహిణుల చిన్న చిన్న చందాలు ఉన్నాయి.

చూడకపోవడమూ తప్పే

ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో ఆసుపత్రి పెద్ద వ్యవస్థగా మారింది. బోర్డులో కూర్చోవడం కూడా చాలాచోట్ల హోదాగా మారింది. మూడు నెలలకోసారి భోజనం, ఫొటో, సంతకం. ఈ ధోరణికి రెండు తీర్పులు కళ్లెం వేశాయి. ఆసుపత్రి కమిటీలో పేరున్న ప్రతివాళ్లూ ఇవి తెలుసుకోవాలి.

మొదటిది ఇలినాయ్ రాష్ట్రంలోది. 1960 నవంబరులో కాలేజీ ఫుట్‌బాల్ ఆడుతూ 18 ఏళ్ల కుర్రాడు కాలు విరగ్గొట్టుకుని ఛార్లెస్టన్ కమ్యూనిటీ ఆసుపత్రిలో చేరాడు. పిండికట్టు బిగుతైంది. కాలివేళ్లు వాచి, నల్లబడి, చల్లబడ్డాయి. రోజులు గడిచాయి. ఎవరూ ఇంకొక నిపుణుణ్ని పిలవలేదు. చివరికి మోకాలి కింద కాలు తీసేయాల్సి వచ్చింది. డాక్టరు చేసిన తప్పుకు ఆసుపత్రి బాధ్యత ఉండదని వాదించారు. 1965లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. రోగికి అందే వైద్యాన్ని కనిపెట్టి ఉండాల్సిన బాధ్యత సంస్థకూ ఉందని, సొంత నియమావళిలో రాసుకున్నది పాటించకపోతే జవాబు చెప్పాల్సిందేనని తేల్చింది. దాంతో వైద్యం మా పని కాదు, భవనమూ బడ్జెట్టే మా పని అని బోర్డులు తప్పించుకునే రోజులు పోయాయి.

రెండోది వాషింగ్టన్‌లోని సిబ్లీ స్మారక ఆసుపత్రిది. ధర్మకర్తలంతా పేరున్న పెద్దమనుషులు. ఆసుపత్రి ఆర్థిక, పెట్టుబడి కమిటీలు 1960 నుంచి 1971 దాకా ఒక్కసారి కూడా సమావేశం కాలేదు. వ్యవహారమంతా ఇద్దరి చేతిలోనే నడిచింది. కొందరు ట్రస్టీలకు సంబంధమున్న బ్యాంకుల్లోనే ఆసుపత్రి సొమ్ము పెద్దమొత్తంలో వడ్డీ లేకుండా మూలుగుతూ ఉండిపోయింది. రోగులే కోర్టుకు వెళ్లారు. 1974లో న్యాయమూర్తి గెర్హార్డ్ గెసెల్ తీర్పు చెప్పాడు. ట్రస్టీలు కుట్ర పన్నారని రుజువు కాలేదు, కానీ నమ్మి అప్పగించిన బాధ్యతను పట్టించుకోకపోవడం తప్పేనన్నాడు. నష్టపరిహారం విధించలేదు, ఎవరినీ తొలగించలేదు. కొత్తగా వచ్చే ట్రస్టీలు ఆ తీర్పు చదవాలని మాత్రం ఆదేశించాడు. ఫిలడెల్ఫియా మేనేజర్లు తమకు తాము విధించుకున్న జరిమానా ఎందుకో సిబ్లీ కథ చదివితే అర్థమవుతుంది.

రోగికీ ఓటు

ఓటు ఎవరిదన్న ప్రశ్నకు అమెరికాలోనే మరో జవాబు 1965లో మొదలైంది. జాక్ గైగర్, కౌంట్ గిబ్సన్ అనే వైద్యులు బోస్టన్‌లోని కొలంబియా పాయింట్‌లో, ఆ తర్వాత మిసిసిపీలోని మౌండ్ బేయూలో పేదల ఆరోగ్య కేంద్రాలు తెరిచారు. పత్తి కూలీలైన నల్లజాతి కుటుంబాలను ఏం కావాలని అడిగితే వాళ్లు తిండి, మంచినీళ్లు అన్నారు. కేంద్రం డాక్టర్లు ఆకలితో వచ్చిన పిల్లలకు మందుచీటీ మీద ఆహారం రాసిచ్చారు. బావులు తవ్వించారు, మరుగుదొడ్లు కట్టించారు, సహకార వ్యవసాయ క్షేత్రం పెట్టడానికి తోడ్పడ్డారు. రోగులు బల్ల దగ్గర కూర్చున్నాక వైద్యం అన్న మాట ఎంత విశాలమైందో చూడండి. 1975 చట్టం దీన్ని శాశ్వతం చేసింది. కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఇలాంటి ఆరోగ్య కేంద్రాల బోర్డుల్లో సగానికి మించిన సభ్యులు అక్కడ వైద్యం పొందేవాళ్లే అయి ఉండాలి. ఇవి ఆసుపత్రులు కావు, చిన్న కేంద్రాలు. కానీ 1751లో 10 పౌండ్ల దగ్గర ఆగిపోయిన ఓటు ఇక్కడ జబ్బుచేసిన మనిషి దాకా వచ్చింది.

ఇక మన సంగతి. తెలుగు నేల మీద ధర్మాసుపత్రులకు, ట్రస్టులు నడిపే ఆసుపత్రులకు కొదవ లేదు. ప్రభుత్వాసుపత్రులకు కూడా స్థానికులు, ప్రజాప్రతినిధులు, అధికారులు కూర్చునే అభివృద్ధి సొసైటీలున్నాయి. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ దేశమంతటా ఇలాంటి రోగి సంక్షేమ సమితులను విస్తరించింది. కుర్చీలు మనకూ ఉన్నాయి. వాటిలో కూర్చున్నవాళ్లు ఏం చేయాలో ఫిలడెల్ఫియా చెబుతోంది. వేళకు రావాలి, లెక్కలు చదవాలి, అర్థం కాకపోతే అడగాలి, నెలకోసారైనా వార్డులో నడవాలి. మన బంధువు షాపు నుంచి మందులు కొనే తీర్మానం వస్తే లేచి బయటికి వెళ్లాలి.

మనం దాతలను బాగా గౌరవిస్తాం. గది కట్టించినవాడి పేరు గోడ మీద చెక్కిస్తాం. ఆ గౌరవం తగినదే. కానీ గది కట్టించడం ఒక ఏడాది పని. ఆ గదిలో రోగికి సరైన మందు అందుతోందా, నైట్ డ్యూటీలో నర్సు ఉందా, పేదవాడి దగ్గర ఎవరైనా చెయ్యి చాస్తున్నారా అని కనిపెట్టడం ఏళ్ల తరబడి సాగే పని. దీనికి సంపద అక్కర్లేదు. రిటైరైన హెడ్‌మాస్టర్ చేయగలడు, లెక్కలు తెలిసిన బ్యాంకు ఉద్యోగి చేయగలదు, డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు వచ్చే రోగి అందరికంటే బాగా చేయగలడు. మీ ఊరి ఆసుపత్రి కమిటీలో ఎవరున్నారో, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారో ఈ వారమే కనుక్కోండి. సమాధానం రాకపోతే, ఆ కుర్చీ అడిగే హక్కు మీకుంది.