పెరూన్ మునిగిన తరువాత

కీవ్ రాజు వ్లదీమిర్ 980లో తానే కొండమీద పెరూన్ దేవుని కొయ్య విగ్రహం నిలిపించినాడు: వెండి తల, బంగారు మీసాలు. 988లో తానే దానిని గుర్రపు తోకకు కట్టి ఈడ్పించి, పన్నెండుగురిచేత కర్రలతో కొట్టించి, నీపర్ నదిలో తోయించినాడు. మరునాడు బాప్తిస్మానికి నదికి రానివాడు, ధనికుడైనా పేదయైనా, తనకు విరోధియని చాటించినాడు. ఈ సంగతులు వ్రాసినవారు క్రైస్తవ సన్యాసులే. హృదయ పరివర్తనకు చాటింపులెందుకు? బైజాంటైన్ రాజకుమారి ఆన్నాతో వివాహమూ, రాజాదాయంలో పదవవంతు పొందిన చర్చీ ఆ మతంతోనే వచ్చినవి.

పల్లెలు అంత త్వరగా మారలేదు. 971 నాటి గ్రీకు సంధిలో పెరూన్‌తోపాటు సాక్షిగా పిలువబడిన పశుదేవత వోలోస్, పశువులను కాచే సెయింట్ వ్లాస్ రూపంలో నిలిచినాడని పలువురు పండితుల మతం.

ఐతే పాతమతమంతా ప్రజాపక్షమని మురిసిపోరాదు. 1071 క్రింద వృత్తాంతకారుడు రొస్తోవ్ సీమ కరవును చెప్పుతాడు. ఇద్దరు మాంత్రికులు ధాన్యం దాచినారంటూ కలిగిన ఇండ్ల స్త్రీలను చంపినారు. రాజుగారి కప్పం వసూలుదారు యాన్ వారిని పట్టి చంపించినాడు. దీనిని భూస్వామ్య వ్యతిరేక తిరుగుబాటన్న సోవియట్ చరిత్రకారులు కరవును చూచినారు, గాదెలను చూచినారు. చచ్చిన ఆడవారిని తగినంత చూడలేదు.

నొవ్‌గొరొద్‌లో మరొక మాంత్రికుడు లేచినాడు. బిషప్ శిలువ పట్టి నిలువగా రాజు గ్లేబ్, అతని పరివారం అటు చేరినారు; జనమంతా మాంత్రికుని వైపే. గ్లేబ్ అంగీ క్రింద గొడ్డలి దాచుకొని వెళ్లి, నేడేమి జరుగునో చెప్పమన్నాడు. గొప్ప అద్భుతాలు చేస్తానన్నాడు మాంత్రికుడు. గ్లేబ్ అతనిని నరికినాడు. జనం చెదిరిపోయినారు.