గల్ఫ్‌లో పాతికేళ్లు.. తిరిగొచ్చాక ఆస్పత్రి ఖర్చు ఎవరిది?

ఈ ఎపిసోడ్‌లో ఏళ్ల లెక్క ఒకటి చూద్దాం. ఒక మనిషి పాతికేళ్లు పరాయి దేశంలో కష్టపడి, అరవై దాటాక ఇంటికొస్తాడు. బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు వెంటే వస్తాయి. మరి అతని వైద్యం బాధ్యత ఎవరిది?

ముందు బ్రిటన్ సంగతి చెప్తాను. 1948 జులై 5న అక్కడ నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలైంది. అప్పటి ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవన్. అక్కడ ఎంత పన్ను కట్టావని అడగరు, ఇక్కడే ఉంటున్నావా అని చూస్తారు. స్పెయిన్‌లో ఇరవై ఏళ్లున్న పెద్దాయన ‘ఇక ఇక్కడే స్థిరపడతా’ అని తిరిగొస్తే, వచ్చిన రోజు నుంచే ఆస్పత్రిలో ఉచిత వైద్యం. చుట్టపుచూపుగా వస్తే మాత్రం, బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్నా బిల్లు పడొచ్చు.

సరిగ్గా అదే 1948లో మన దేశం ఈఎస్ఐ చట్టం చేసింది. 1952లో కాన్పూర్, ఢిల్లీల్లో అమలు మొదలైంది. ఇక్కడ లెక్క చందాది. కార్మికుడి జీతంలోంచి కొంత, యజమాని నుంచి కొంత. కనీసం ఐదేళ్లు ఈఎస్ఐ కింద పనిచేసి రిటైరైతే, ఏడాదికి 120 రూపాయలు కట్టి దంపతులిద్దరూ వైద్యం చేయించుకోవచ్చు. అంటే నెలకు పది రూపాయలే!

ఇప్పుడు మనవాళ్ల దగ్గరికి వద్దాం. 1973లో చమురు ధరలు ఎగబాకాక గల్ఫ్‌లో పనులు పెరిగాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వేలమంది విమానం ఎక్కారు. అక్కడ ఎన్నేళ్లు పనిచేసినా మన ఈఎస్ఐ ఖాతాలో ఒక్కరోజూ పడదు. వీసా క్యాన్సిల్ అయితే అక్కడి కంపెనీ ఇన్సూరెన్స్ కూడా ముగిసిపోతుంది. అంటే ఆ పాతికేళ్లు రెండు దేశాల లెక్కలోనూ లేనట్టే!

2003లో కేంద్రం ప్రవాసీ భారతీయ బీమా యోజన తెచ్చింది. మంచిదే. కానీ అది పనిచేసే కాలానికి, రెండు మూడేళ్ల పాలసీ. ముసలితనానికి కాదు. కేరళ ఒక అడుగు ముందుకేసింది. 2008లో చట్టం చేసి ప్రవాసుల సంక్షేమ నిధి పెట్టింది. విదేశంలో ఉండగానే చందా కడితే అరవై తర్వాత పెన్షన్, పెద్ద జబ్బు వస్తే సాయం.

మన దగ్గర ఆదుకున్నది 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ. కానీ మొదట్లో దానికి ఆధారం తెల్ల రేషన్ కార్డు. గల్ఫ్‌లో చేసిన కష్టానికీ దానికీ సంబంధం లేదు. పేదవాడివైతేనే వచ్చేది. 2024 అక్టోబర్‌లో కేంద్రం 70 ఏళ్లు దాటినవాళ్లకు, ఆదాయంతో పనిలేకుండా, ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు మొదలుపెట్టింది. మరి అరవైకి తిరిగొచ్చినాయన ఆ పదేళ్లు ఏం చేయాలి?

నేననేది ఒక్కటే. వీళ్లు పంపిన డబ్బుతో ఊళ్లలో ఇళ్లు లేచాయి, పిల్లల చదువులు సాగాయి. ఆ ఏళ్లను లెక్కలో వేసే పద్ధతి మనకూ కావాలి. అది వచ్చేదాకా మీ ఇంట్లో గల్ఫ్ నుంచి వచ్చిన నాన్నో, మామయ్యో, చిన్నాన్నో ఉంటే, ఈ వారమే రేషన్ కార్డులో వాళ్ల పేరుందో లేదో చూడండి. ఆధార్‌లో పుట్టిన తేదీ కూడా సరిచూసుకోండి. జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరాక ఆ కాగితాల కోసం పరిగెత్తడం చాలా కష్టం.